ఏడాది ఇంటి పన్ను ఎన్ని రోజుల కిరాయి? ఒక పాతపేట కేసు

నేను హనుమకొండలో ఉంటూ ఇంటి పన్నులు, మ్యుటేషన్లు (మునిసిపల్ రికార్డులో యజమాని పేరు మార్పిడి), మునిసిపల్ నోటీసుల పనులు చూస్తాను. చుట్టుపక్కల జిల్లాల పట్టణాల నుంచి కూడా జనం వస్తుంటారు. ఇక్కడ రాస్తున్నది ఉత్తర తెలంగాణలోని ఒక పురపాలక పట్టణంలో జరిగిన కేసు. పట్టణం పేరు, పేట పేరు, మనుషుల ఆనవాళ్లు తీసేశాను. రూపాయల అంకెల్ని మార్చి గుండ్రంగా చేశాను కానీ, ఒకదానికొకటి ఉన్న నిష్పత్తి దెబ్బతినకుండా చూశాను. 2019 తెలంగాణ పురపాలక చట్టానికి ముందు మొదలైన కేసు ఇది, ఆ చట్టం వచ్చాక కూడా సాగింది. మొదట్లో నేను తప్పు దారి పట్టాను. దానివల్ల రెండు కుటుంబాలు నష్టపోయాయి. అదే తప్పు ఇంకొకరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

వచ్చిన సమస్య

వచ్చినావిడ బీడీలు చేస్తారు. భర్త చనిపోయి చాలా ఏళ్లయింది. పాత బజారు వెనక గల్లీలో నూట పది గజాల జాగాలో ఇల్లు. ముందు గదికి స్లాబు, వెనక రెండు గదులకు పెంకులు. ఆవిడ చెల్లెలిది బైపాస్ వైపు కొత్త కాలనీలో రెండంతస్తుల ఇల్లు, మరిది గల్ఫ్‌లో సంపాదించి కట్టింది. ఒక పెళ్లిలో మాటల మధ్య ఇంటి పన్నుల సంగతి వచ్చింది. రెండు బిల్లులూ నా టేబుల్ మీద పెట్టి ఆవిడ అడిగింది ఇదే: "సారూ, నాది పెంకుటిల్లు, దానిది బిల్డింగు. నాకు రెండువేల నాలుగు వందలు, దానికి మూడువేలు. ఇదేం లెక్క సారూ?"

పైగా ఆవిడకు బకాయి ఉంది. కట్టకుండా వదిలేసిన పన్ను మీద నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. నల్లా కనెక్షన్ తీసేస్తారని బిల్ కలెక్టర్ చెప్పి వెళ్లాడట. ఆ టెన్షన్‌లోనే వచ్చింది.

నేను ముందు చేసింది, ఆ రెండు బిల్లుల్ని పోల్చదగిన కొలతలోకి మార్చడం. మన దగ్గర పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. ఇల్లు కిరాయికి ఇస్తే ఏడాదికి సహజంగా ఎంత రావచ్చన్నదే దాని అర్థం. 1979 డిసెంబరులో దివాన్ దౌలత్ రాయ్ కపూర్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే దృష్టితో మాట్లాడింది. యజమాని న్యాయంగా ఆశించగల అద్దె ఎంతో అదే కొలమానమని, చట్టం అనుమతించే ప్రామాణిక అద్దెను అది దాటకూడదని చెప్పింది. కాబట్టి పన్నును కిరాయితోనే కొలవాలి అనుకున్నాను. అక్క ఇల్లు కిరాయికి ఇస్తే నెలకు 2,000 వస్తుంది. 2,400 పన్ను అంటే 36 రోజుల కిరాయి. చెల్లెలి ఇంటి రెండు పోర్షన్లకూ కలిపి 12,000 వస్తుంది. 3,000 పన్ను అంటే ఏడున్నర రోజుల కిరాయి.

ఆ తర్వాత ఈ కేసులో ప్రతిచోటా ఈ "రోజుల లెక్క"నే వాడాను. శాతాలు చెబితే పేటలో ఎవరూ పట్టించుకోలేదు. "నీ పన్ను ముప్పై ఆరు రోజుల కిరాయి" అంటే మాత్రం వెంటనే తలెత్తి చూశారు.

నేపథ్యం

కొత్త చట్టానికి ముందు మన పురపాలక సంఘాలకు 1965 చట్టం, 1990 పన్ను మదింపు నిబంధనలు ఆధారం. వాటి ప్రకారం పట్టణాన్ని జోన్లుగా విడగొడతారు. జోన్‌ను నిర్ణయించేటప్పుడు నీటి సరఫరా, వీధి దీపాలు, రోడ్లు, మురుగు కాలువలు, మార్కెట్లు, బడులు, బ్యాంకులు, పోస్టాఫీసులు, ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రుల లాంటి సౌకర్యాలు చూస్తారు. ప్రతి జోన్‌లో కట్టడం రకాన్ని, వాడకాన్ని బట్టి చదరపు మీటరుకు నెలవారీ అద్దె విలువ ఇంత అని ముసాయిదా ఇచ్చి, అభ్యంతరాలు తీసుకుని, తుది ప్రకటన చేస్తారు. ఆ ధరను ఇంటి వైశాల్యంతో, 12 నెలలతో హెచ్చవేసి తగ్గింపులు తీసేస్తే వార్షిక అద్దె విలువ వస్తుంది. పన్ను దాని మీద పడుతుంది.

పద్ధతి వినడానికి న్యాయంగానే ఉంటుంది. చిక్కంతా కాలంతో వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో పురపాలక పట్టణాల నివాస గృహాలకు చివరి సాధారణ సవరణ 2002లో, నివాసేతర భవనాలకు 2007లో జరిగింది. ఈ మధ్యలో పట్టణాలే చోటు మారాయి. వరంగల్‌నే తీసుకోండి. 2013లో చుట్టూ ఉన్న 42 గ్రామాలు నగరంలో కలిశాయి, ఇప్పుడు నగర విస్తీర్ణం 400 చదరపు కిలోమీటర్లు దాటింది. ఒకప్పుడు ఊరి చివర అనుకున్న చోట ఇప్పుడు గజం ధర అడగడానికే భయపడే కాలనీలు వచ్చాయి. చిన్న పట్టణాల్లో కూడా చిన్న ఎత్తున ఇదే జరిగింది.

మా కేసు పట్టణంలో పాతపేట మొదటి జోన్. జోన్లు గీసిన నాటికి బస్టాండు, బ్యాంకు, పోస్టాఫీసు, కూరగాయల మార్కెట్ అన్నీ అక్కడే ఉండేవి. తర్వాత బస్టాండు బైపాస్‌కు, దాని వెంట బ్యాంకు, ఆసుపత్రులు, ఇంగ్లీషు మీడియం బడులు వెళ్లిపోయాయి. ఉన్నవాళ్లు కూడా వెళ్లారు. పేటలో కిరాయిలు అక్కడే ఆగిపోయాయి. కొత్త కాలనీ ఒకప్పటి గ్రామ పంచాయతీ, విలీనంలో వచ్చి చివరి జోన్‌లో చేరింది. అంటే కిరాయి పడిపోయిన చోట ధర ఎక్కువ, కిరాయి పెరిగిన చోట ధర తక్కువ. ఎవరో కావాలని చేసింది కాదిది. గడియారం ఆగిపోతే ఎవరూ సరిచేయలేదు, అంతే. కానీ భారం మోసేవాళ్లకు ఆ తేడాతో పని లేదు.

మొదటి ప్రయత్నం, ఎందుకు విఫలమైంది

ఆవిడ ఒక్క ఇంటి కేసుగా తీసుకోవాలా, పేట కేసుగా తీసుకోవాలా అన్నది మొదటి నిర్ణయం. గల్లీలో అందరిదీ ఇదే గోడు కాబట్టి నలభై ఇళ్ల తరఫున ఒకేసారి వెళ్తే బలం ఉంటుందనుకున్నాను. వేసిన పన్నును మళ్లీ చూడమని కమిషనర్‌కు రివిజన్ పిటిషన్లు తయారు చేశాను. అన్నింటిలోనూ ఒకటే వాదన: మా జోన్ ధర కొత్త కాలనీ ధర కంటే అన్యాయంగా ఎక్కువ, తగ్గించండి.

అన్నీ ఒకే వాక్యంతో తిరిగొచ్చాయి. ధర ప్రకటన ద్వారా ఖరారైంది, దాన్ని రివిజన్‌లో మార్చే వీలు లేదు. కోపంతో రెండు రోజులు నిద్ర పట్టలేదు. తర్వాత నిబంధనలు మళ్లీ చదివితే, చట్టం లెక్కన వాళ్లు చెప్పిందే సరైనది. జోన్ ధర మీద అభ్యంతరం చెప్పాల్సింది ముసాయిదా ప్రకటించినప్పుడు. ఆ గడువు ఎన్నో ఏళ్ల కిందటే ముగిసింది. రివిజన్ పిటిషన్‌లో అడగదగింది ఆ ధరను ఈ ఇంటికి సరిగ్గా వర్తింపజేశారా లేదా అన్నది మాత్రమే. వైశాల్యం, కట్టడం రకం, వాడకం, వయసు, యజమాని నివాసం. నేను వీటిలో ఒక్కటి కూడా అడగలేదు.

నష్టం అక్కడే జరిగింది. ఆ నలభై ఇళ్లలో రెండింటికి అప్పుడే కొత్తగా స్పెషల్ నోటీసులు (మీ పన్ను ఇంత అని తెలిపేవి) వచ్చి ఉన్నాయి. నోటీసు అందిన 15 రోజుల్లో పిటిషన్ వేయాలి. వాళ్లకున్న ఒక్క అవకాశాన్ని నేను పనికిరాని వాదన మీద ఖర్చు చేశాను. వాళ్ల ఇళ్లలో నిజంగా కొలత తప్పులున్నాయని తర్వాత తెలిసింది. ఆ ఇద్దరి ఇళ్లకు వెళ్లి విషయం చెప్పాను. ఒకరు విని ఊరుకున్నారు, ఇంకొకరు చాలాకాలం నాతో మాట్లాడలేదు.

సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్‌కు కూడా వెళ్లాం. అర్జీ నమోదై, మళ్లీ అదే పురపాలక కార్యాలయానికి చేరింది. అదే జవాబు వచ్చింది.

హైకోర్టులో రిట్ వేద్దామని పేటలో కొందరు కుర్రాళ్లు పట్టుబట్టారు. కేరళ భవనాల పన్ను చట్టాన్ని 1960ల చివర్లో సుప్రీంకోర్టు కొట్టేసిన సంగతి వాళ్లు ఎక్కడో చదివారు. ఆ కేసు నాకూ తెలుసు. అక్కడ భవనం విస్తీర్ణం ఒక్కటే చూసి పన్ను వేశారు. ఎక్కడుంది, ఎలాంటి కట్టడం, ఎంత అద్దె వస్తుంది అన్నవేవీ చూడలేదు. అందుకే అది రాజ్యాంగంలో సమానత్వం గురించి చెప్పే 14వ అధికరణకు విరుద్ధమైంది. మన నిబంధనలు వీటన్నింటినీ కనీసం కాగితం మీద చూస్తున్నాయి. మా ఫిర్యాదు కాగితం పాతబడిందన్నది. పైగా ఏళ్ల తరబడి ఊరుకుని ఇప్పుడెందుకు వచ్చారని అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. బీడీల మీద బతికే ఇళ్ల దగ్గర చందాలు పోగుచేసి ఆ పందెం ఆడటానికి నాకు మనసొప్పలేదు. వద్దన్నాను. ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదనే అనుకుంటున్నాను.

టేపు పట్టుకుని ఇంటింటికీ

ఈలోపు ఆవిడతో బకాయి అసలు కట్టించాను. వివాదం తేలేదాకా ఆగుదామని ఆవిడ అంది. నెలకు 2 శాతం పెరుగుతుంటే మనం గెలిచినా ఓడినట్టే అమ్మా అని చెప్పి ఒప్పించాను. పేరుకున్న వడ్డీ తర్వాత వచ్చిన ఓటీఎస్ (బకాయిల ఏకకాల పరిష్కారం) పథకంలో 90 శాతం మాఫీ అయింది. అసలు ముందే కట్టి ఉండటం అప్పుడు పనికొచ్చింది.

తర్వాత సమాచార హక్కు చట్టం కింద మూడు కాగితాలు అడిగాను: జోన్ల తుది ప్రకటన, అందులోని ధరల పట్టిక, పేటకు, కొత్త కాలనీలో రెండు వీధులకు సంబంధించి డిమాండ్ రిజిస్టర్ (ఏ ఇంటికి ఎంత పన్నో రాసి ఉంచే పుస్తకం) నకలు. అవి చేతికొచ్చాకే కేసు నిజంగా మొదలైంది.

కిరాయిలు సేకరించడంలో ఒక పొరపాటు జరిగింది. ముందు ఇంటి యజమానుల్నే అడిగాం. కిరాయి చెబితే పన్ను పెరుగుతుందన్న భయంతో అందరూ తక్కువ చెప్పారు. కొత్త కాలనీలో ఒకాయన ఏకంగా "చుట్టాలుంటున్నారు, కిరాయి లేదు" అన్నాడు. ఆ పట్టికంతా పక్కన పడేసి, కిరాయిదారుల్ని అడిగాం, టు లెట్ బోర్డుల మీది నంబర్లకు ఫోన్ చేశాం. ఆ లెక్కలు ఒకదానితో ఒకటి కలిశాయి.

పన్ను మదింపు ఎంత సమంగా ఉందో చూడటానికి అంతర్జాతీయంగా ఐఏఏఓ అనే మదింపు అధికారుల సంఘం ప్రమాణాలు ఉన్నాయి. వాటిలో పీఆర్‌డీ అని ఒకటి. ఒక్కో ఇంటి మదింపు నిష్పత్తుల సగటును, మొత్తం మదింపును మొత్తం మార్కెట్ విలువతో భాగించగా వచ్చిన నిష్పత్తితో భాగిస్తారు. అది 0.98 నుంచి 1.03 మధ్య ఉంటే ఫర్వాలేదు. 1.03 దాటితే తక్కువ విలువ ఇళ్ల మీద భారం ఎక్కువ పడుతోందని అర్థం. మా దగ్గరున్న ఇళ్లు తక్కువ కాబట్టి దాన్ని అర్జీలో పెట్టలేదు. పెడితే చర్చంతా నమూనా సరిపోతుందా లేదా అన్న దాని మీదికి మళ్లుతుంది. రోజుల లెక్కను ఎవరూ కాదనలేరు.

రిజిస్టర్ పట్టుకుని గల్లీలో ప్రతి ఇంటికీ టేపుతో వెళ్లాం. అక్కడ నేను ఊహించనిది కనిపించింది. సమస్యంతా జోన్‌దే అనుకుని వెళ్లాను కానీ, ఇళ్ల రికార్డుల్లోనే తప్పులున్నాయి. అవి దాదాపు అన్నీ యజమానికి నష్టం చేసేవే. కొన్నింటిలో వాకిలిని కూడా కట్టడంలో కలిపారు. ఎప్పుడో మూతబడ్డ కిరాణా కొట్టు షట్టర్ ఇంకా దుకాణంగానే ఉంది. ముందు గది స్లాబు చూసి వెనకున్న పెంకు గదుల్ని కూడా స్లాబు కింద రాసేశారు. కేసు తెచ్చిన బీడీల ఆవిడ ఇల్లు ఇందులోదే.

అన్నిటికంటే ముఖ్యమైంది తగ్గింపుల సంగతి. నిబంధనల్లో కట్టడం వయసును బట్టి తగ్గింపు ఉంది. 25 ఏళ్ల లోపు 10 శాతం, 25 నుంచి 40 మధ్య 20 శాతం, 40 దాటితే 30 శాతం, అదీ అద్దె విలువలో కట్టడం వాటా మీద. యజమాని తనే ఉంటున్న నివాస గృహమైతే వయసు తగ్గింపుతో కలిపి 40 శాతం. పేటలో ఉంటున్నవాళ్లలో ఎక్కువమంది సొంత ఇళ్లవాళ్లే. అయినా చాలామందికి ఈ 40 శాతం రాలేదు. కారణం రిజిస్టర్‌లోని పేర్లు. చనిపోయిన భర్త పేరు, తాత పేరు, ఒకచోట ముత్తాత పేరు. రిజిస్టర్ ప్రకారం ఉంటున్న మనిషి యజమాని కాదు, కాబట్టి రాయితీ లేదు. మ్యుటేషన్ చేయించుకుందామంటే వారసుల మధ్య తేలని పంపకాలు, దొరకని దస్తావేజులు.

కొత్త కాలనీలో అందరూ రిజిస్ట్రేషన్‌తో కొన్నవాళ్లు, బ్యాంకు లోను కోసం ప్రతి కాగితం సరిచేయించుకున్నవాళ్లు. రాయితీ వాళ్లకు అడక్కుండానే వచ్చింది. పేద పేటకు జోన్ ఒక భారమైతే, కాగితం లేకపోవడం దాని మీద రెండో భారం. నలభై పిటిషన్లు రాసిన రోజున నాకు ఈ రెండోది కనిపించనే లేదు.

పనిచేసింది

ఈసారి ఒక్కో ఇంటికి వేరువేరుగా పిటిషన్ వేశాం. జోన్ గురించి ఒక్క మాట లేదు. కొలత పటం, ఫొటో, రిజిస్టర్‌లో ఏముంది, ఇంట్లో ఏముంది, అంతే. ముందు మ్యుటేషన్, తర్వాత పిటిషన్ అన్న వరుస పెట్టుకున్నాం. బీడీల ఆవిడ విషయంలో బావల సంతకాలకే నాలుగు నెలలు పట్టింది. వాళ్లకు జాగా మీద ఆశ ఉందని నాకు తెలుసు. మ్యుటేషన్ పన్ను కట్టడానికే గానీ హక్కును తేల్చదని పెద్దాయనకు మూడుసార్లు చెప్పాక సంతకం పెట్టాడు.

పైకప్పు సవరణతో 2,400 కాస్తా 1,600 అయింది. పేరు మారి యజమాని నివాస రాయితీ వచ్చాక వెయ్యి పైచిలుకు. 36 రోజుల కిరాయి 15, 16 రోజులకు దిగింది. కొలతకు వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ మా పటాన్ని తన టేపుతో సరిచూసి, ఒకచోట మాదే తప్పని చూపించాడు. దాన్ని అక్కడికక్కడే ఒప్పుకున్నాం. ఆ తర్వాత ఇళ్ల పరిశీలన వేగంగా సాగింది.

ఈలోపు పేటలో ఇంకో డిమాండ్ లేచింది. కొత్త కాలనీలో పై అంతస్తులు చాలావాటికి మదింపే కాలేదు, ఆ ఇళ్ల జాబితా మనమే ఇద్దామని. రిజిస్టర్ నకలు నా దగ్గరుంది కాబట్టి జాబితా తయారు చేయడం గంట పని. నేను ఇవ్వలేదు. 2019 చట్టం వచ్చాక తప్పుడు స్వీయ మదింపుకు 25 రెట్ల జరిమానా అనే మాట అందరి నోటా ఉంది. పేర్లు రాసిస్తే పన్ను వివాదం కాస్తా రెండు వాడల పగ అవుతుంది. పైగా ఆ జాబితాలో మొదటి పేరు బీడీల ఆవిడ చెల్లెలిదే. బదులుగా, రెండు ప్రాంతాల్లోనూ వీధి మొత్తాన్ని ఒకే కొలతతో తిరిగి కొలవమని అడిగాం. చెల్లెలికి అక్కే చెప్పింది, నేను పక్కన కూర్చున్నాను అంతే. ఇద్దరూ కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు. తర్వాత చెల్లెలు తనంతట తానే పై అంతస్తు చూపించుకుంది. ఆవిడ పన్ను 5,000 దాటింది. అంటే దాదాపు 13 రోజుల కిరాయి.

జోన్ సంగతి ఇలా రికార్డులు సరిచేసుకుంటే తేలేది కాదు. దానికి పాలకవర్గం తీర్మానం, కొత్త ముసాయిదా కావాలి. నిబంధనల్లోని సౌకర్యాల జాబితానే చేతబట్టి రెండు ప్రాంతాలూ నడిచి, ఏది ఎక్కడుందో పటం గీశాం. బ్యాంకు అక్కడ, ఆసుపత్రి అక్కడ, మురుగు నిలిచేది ఇక్కడ. ఆ పటం ఇచ్చే సమయానికి 2019 జూలైలో పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. 2020 జనవరిలో ఎన్నికలు, మార్చిలో లాక్‌డౌన్. ఫైలు ఆగిపోయింది. కొత్త చట్టం కింద ప్రతి వార్డుకు 15 మంది చొప్పున నాలుగు కమిటీలు ఏర్పడ్డాక మళ్లీ కదిలించాం. మహిళల కమిటీలో బీడీల ఆవిడ సభ్యురాలు. రోజుల లెక్కను అక్కడ ఆవిడే వివరించింది, నన్ను మాట్లాడనివ్వలేదు.

నా పనిలో మారినవి

ఇప్పుడు ఎవరైనా "పక్కింటి కంటే మాకు ఎక్కువ" అని వస్తే మొదట రిజిస్టర్ నకలు, తర్వాత ఇంటి కొలత. ఆ రెండూ చూడకుండా ఒక్క అక్షరం రాయను. స్పెషల్ నోటీసు తేదీ అడిగి ఫైలు మీద ఎర్ర ఇంకుతో రాస్తాను. ధర మీద గొడవా, వర్తింపు మీద గొడవా అన్నది మొదటి రోజే విడదీస్తాను. మొదటిది పాలకవర్గం దగ్గర తేలేది, రెండోది కమిషనర్ దగ్గర. ఇక పేటల్లో పనిచేసేవాళ్లు మ్యుటేషన్‌ను చిల్లర పనిగా చూడకండి. 75 గజాల లోపు జాగాలో చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయల పన్ను అనే వెసులుబాటు 2019 చట్టంతో వచ్చింది కానీ, ముగ్గురు అన్నదమ్ములు ఉమ్మడి దస్తావేజు మీద ఉంటున్న చోట ఎవరి జాగా ఎన్ని గజాలో తేల్చే కాగితమే లేదు.

ఆ నలభై ఇళ్లలో దాదాపు మూడో వంతు ఇళ్ల రికార్డులో ఏ తప్పూ దొరకలేదు. కొలత సరిగ్గా ఉంది, పేరు సరిగ్గా ఉంది, రాయితీ కూడా ఉంది. వాళ్లకు ఒక్క రూపాయి తగ్గలేదు. వాళ్లలో కొందరు ఇప్పటికీ ముప్పై రోజులకు పైగా కిరాయిని పన్నుగా కడుతున్నారు, ఎందుకంటే వాళ్లది మొదటి జోన్. కమిటీ తీర్మానం, పటం జతచేసిన జోన్ ఫైలు పైకి వెళ్లింది. ముసాయిదా వస్తే అభ్యంతరాలకు ఉండే గడువు చిన్నది. అందుకే ఆ ఇళ్ల కిరాయి పట్టికను ప్రతి ఏప్రిల్‌లో, 5 శాతం రిబేటు కోసం అందరూ పన్ను కట్టే రోజుల్లో, టు లెట్ బోర్డులు చూసి మళ్లీ రాసి పెడుతున్నాం.